పాత బాణీ, సొంత పాట: ఫిడేలు మీద రెంటినీ కలపడం ఎలా

నేను మొట్టమొదట కట్టిన పాటని ఒక స్నేహితురాలికి వినిపించాను. మూడు చరణాలు పాడి, ఆఖర్న నాకు బాగా చేతనైన ఐరిష్ రీల్ (జోరుగా సాగే నాట్యపు బాణీ) ఒకటి ఫిడేలు మీద దంచేశాను. ఆమె మర్యాదగా చప్పట్లు కొట్టి, "పాట బాగుంది. ఆ తర్వాత వాయించింది ఇంకో పాటా?" అని అడిగింది.

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. నేను చేసింది కలపడం కాదు, పక్కపక్కన పెట్టడం. పాట ఎముకల గూడు వేరు, బాణీ ఎముకల గూడు వేరు. పాత బాణీ లోపల్నుంచి పాట పుట్టాలి, లేదా పాటలోంచి ఆ బాణీ తొంగి చూడాలి. అలా జరగాలంటే ఏం చేయాలో ఒక్కో మెట్టుగా చెప్తాను.

పది పదిహేను బాణీలు తడుముకోకుండా వాయించగలిగి, గొంతు కాస్త శ్రుతిలో నిలిచేవాళ్లకి ఇది పనికొస్తుంది. ఫిడేలు, వయొలిన్ ఒకటే వాద్యం, వాయించే తీరులోనే తేడా. ఐర్లండ్, స్కాట్లండ్, అమెరికాలోని అపలాచియన్ కొండల సంప్రదాయాల నుంచే ఉదాహరణలు తీసుకుంటున్నాను.

1. ఒక్క బాణీ ఎంచుకోండి

ఎన్ని బాణీలు తెలిస్తే అన్ని పాటలొస్తాయి అనుకోవద్దు. ఒక్కటి చాలు, కానీ అది నిద్రలో లేపి అడిగినా వచ్చేది అయ్యుండాలి. ఫిడేలు పెట్టెలో పెట్టేసి, నడుస్తూ దాన్ని హమ్ చేసి చూడండి. కొన్ని బాణీలు వేళ్లకి అద్భుతంగా ఉంటాయి. తీగ మీంచి తీగ మీదికి గెంతుతూ చకచకా పరిగెడతాయి, నోటికి మాత్రం చిక్కవు. అవి పాటకి పనికిరావు. పక్కన పెట్టేయండి, విడిగా వాయించుకోవడానికి ఉండనే ఉన్నాయి.

నడకలు కూడా చూసుకోవాలి. రీల్ నడక చతురశ్రం (నాలుగేసి), వేగం ఎక్కువ. జిగ్ 6/8, మన లెక్కలో తిశ్రం (మూడేసి). స్లిప్ జిగ్ 9/8, అంటే బార్‌కి (మన ఆవర్తం లాంటి కొలత) మూడు తిశ్రాలు. వాల్ట్జ్ 3/4. స్కాట్లండ్ వాళ్ల స్ట్రాత్‌స్పేలో పొట్టి స్వరం ముందు, పొడుగు స్వరం వెనక వచ్చి ఒక కుదుపు ఉంటుంది. స్లో ఎయిర్‌కి తాళమే ఉండదు, ఊపిరితో సాగుతుంది. మొదటి పాటకి జిగ్ గానీ వాల్ట్జ్ గానీ తీసుకోండి. రీల్ ఎందుకు వద్దంటున్నానో రెండో మెట్టులో లెక్కేసి చూపిస్తాను.

నాట్యపు బాణీల్లో ఎక్కువ వాటికి రెండు భాగాలు ఉంటాయి. ఒక్కోటి 8 బార్లు, ఒక్కోదాన్ని రెండేసి సార్లు వాయిస్తారు, వెరసి 32 బార్లు. మొదటి భాగం కింద తిరుగుతుంది, రెండో భాగం చాలాసార్లు పై స్థాయికి ఎక్కుతుంది. ఇది గుర్తుంచుకోండి, ఆరో మెట్టులో దీంతోనే పని.

ఇంకో జాగ్రత్త. పాతదిలా వినిపించేదంతా పాతది కాదు. జే అంగర్ అనే అమెరికన్ ఫిడేలు కళాకారుడు 1982లో స్కాటిష్ విలాపగీతం పద్ధతిలో 'అషోకన్ ఫేర్‌వెల్' కట్టాడు. అమెరికా అంతర్యుద్ధం మీద 1990లో వచ్చిన టీవీ డాక్యుమెంటరీలో అది మోగేసరికి, 19వ శతాబ్దపు బాణీయే అని చాలామంది నమ్మేశారు. కట్టినవాళ్లకి ఇంకా హక్కులున్న బాణీని ఎవరిదీ కాదనుకుని వాడేస్తే తర్వాత తలనొప్పి. అందుకే ఎంచుకున్న రోజే అది ఎక్కడిదో వెతకండి. పాత అచ్చు పుస్తకాల్లో ఉంటే సగం టెన్షన్ తీరినట్టే. షికాగో పోలీస్ చీఫ్‌గా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ఐరిష్ బాణీలతో ఒక సంకలనం అచ్చువేశాడు, మొదట అందులో చూడండి. పేరుతో దొరకకపోతే స్వరాలతో వెతకండి. ఒకే బాణీకి ఐదారు పేర్లుండటం ఈ లోకంలో మామూలే.

2. కండ తీసేసి ఎముకలు చూడండి

మొత్తం పనికి గుండెకాయ ఇదే. ఇక్కడ తొందరపడితే మిగతావేవీ అతకవు.

నాట్యానికి వాయించే రీల్ నిమిషానికి సుమారు 110 దెబ్బల వేగంతో వెళ్తుంది, ఒక్కో దెబ్బలో నాలుగు స్వరాలు. అంటే నిమిషానికి 440, సెకనుకి ఏడు పైచిలుకు. స్వరానికో అక్షరం చొప్పున పాడితే నాలుక మడతపడటం ఖాయం, వినేవాళ్లకి ఒక్క మాటా అందదు. కాబట్టి బాణీని ఉన్నదున్నట్టు పాడకూడదు. దెబ్బ మీద పడే స్వరాలు ఏరుకుని, మధ్యవి వదిలేయాలి.

ఎవరి బాణీనీ తీసుకోకుండా, ఇప్పుడే అల్లిన నాలుగు బార్ల జిగ్ ముక్క ఒకటి చూడండి. మోహనం స్వరాల్లోనే ఉంది. మూడో బార్ చివర వచ్చే పై స్థాయి షడ్జమానికి పక్కన గీత పెట్టాను:

సగప పదప | గపగ రిసరి | సగప పదస' | దపగ రిసస

ఒక్కో గుంపులో మొదటి స్వరం మాత్రమే ఉంచండి:

స, ప, గ, రి, స, ప, ద, రి (చివర స మీద ఆగుతుంది)

ఈ ఎనిమిది స్వరాల్ని నెమ్మదిగా, ఒక్కో దాని మీద నిలుస్తూ పాడండి. ఇదొక కొత్త వరస. తాపీగా, పాడటానికి హాయిగా ఉంటుంది. కానీ అసలు జిగ్ వాయించగానే చెవి రెండింటికీ ఉన్న చుట్టరికాన్ని పసిగడుతుంది, ఎలా అన్నది తనకీ తెలియదు. స్నేహితురాలి ప్రశ్నకి జవాబు నాకు ఇక్కడే దొరికింది.

చేసే పద్ధతి ఇది. ముందు బాణీని మీ మామూలు వేగంలో సగానికి దించి వాయించండి. రికార్డింగ్ నుంచి నేర్చుకుంటున్నట్టయితే, శ్రుతి మారకుండా వేగం తగ్గించే యాప్‌లు బోలెడున్నాయి. తర్వాత కాలితో దెబ్బ వేస్తూ, దెబ్బ పడినప్పుడు మాత్రమే కమాను లాగండి. ఒట్టి ఎముకలు వినిపిస్తాయి. అవి మరీ బోడిగా అనిపిస్తే ఒకటో రెండో స్వరాలు వెనక్కి తెచ్చుకోండి. ఏది తేవాలి అంటే, అది లేకపోతే బాణీని గుర్తుపట్టలేమనిపించేదాన్ని. ప్రతి బాణీకి అలాంటి మలుపు ఒకటి ఉంటుంది: ఒక గెంతు, లేదా ఊహించని చోట తగ్గిన నిషాదం. దాన్ని పారేసుకున్నారో, మీ పాట ఏ బాణీలోంచైనా వచ్చి ఉండొచ్చు.

ఐరిష్ వాళ్ల దగ్గర లిల్టింగ్ అని ఒక అలవాటు ఉంది. వాద్యం లేనప్పుడు డిడిల్ డమ్ లాంటి అర్థంలేని అక్షరాలతో బాణీని నోటితో పలుకుతారు. ఎక్కడ ఊనిక, ఎక్కడ ఊపిరి అన్నది, నోటితో జతులు పలికే మన కొన్నకోల్ లాగే, అందులో తేటతెల్లమవుతుంది. మాటలు రాసేముందు రెండు మూడు రోజులు ఇలా పలకండి. సిగ్గుపడొద్దు.

3. మాటలు కట్టడం

పాత ఫిడేలు బాణీలకి మాటలు రాయడంలో స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పెద్ద పేరు. 1796లో చనిపోయే లోపు ఎన్నో స్కాటిష్ నాట్యపు బాణీల్ని పాటలు చేశాడు. ఒక బాణీ తన గొంతులో పూర్తిగా పట్టుబడేదాకా దానికి మాటలు రాయలేనని 1793లో ఒక ఉత్తరంలో రాశాడు. ముందు అర్థం, ముందు కవిత్వం అనలేదు, ముందు గొంతు అన్నాడు. నేనూ అదే పాటిస్తాను. కాగితం ముందు కూర్చుని రాసిన నా చరణాలు ఒక్కటీ నిలవలేదు.

తెలుగులో రాసేవాళ్లకి ఒక సులువుంది. ఇంగ్లీషులో ఊనిక ఎక్కడ పడుతుందో చూసుకోవాలి, మనకి గురులఘువులున్నాయి. జిగ్‌లో ఒక్కో గుంపు మూడు మాత్రలు. మూడు మాత్రల గణాలు మనకి కొత్తా? సూర్యగణాలు అవే: మూడు లఘువుల నగణం, గురువు తర్వాత లఘువు వచ్చే హగణం. ఫిడేలు మూడు సమాన స్వరాలు వాయిస్తుంటే అది నగణం. దాని మీద గొంతు హగణాల్లో నడిస్తే దెబ్బ మీద గురువు నిలుస్తుంది, లఘువు తర్వాతి దెబ్బకి మెట్టవుతుంది. పైన తీసిన ఎనిమిది ఎముకల మీద ఇలా పాడి చూడండి:

ఊరు దాటి పోయె దారి
ఏరు దాటి నన్ను చేరె

ఎనిమిది మాటలు, ఎనిమిది హగణాలు. 'ఊ' షడ్జం మీద, 'దా' పంచమం మీద, 'పో' గాంధారం మీద. గొప్ప కవిత్వమేమీ కాదు, కానీ ఎక్కడా నోరు తట్టుకోదు. ప్రతి గుంపూ ఇలాగే నిండిపోతే పాట మిషన్ కుట్టినట్టుంటుంది. అందుకని మూడో పాదంలోనో నాలుగో పాదంలోనో ఒక గుంపుని ఖాళీ వదలండి. ఆ ఖాళీలో ఫిడేలు మూడు స్వరాలు పలికితే పాటంతటికీ అదే రుచి. రీల్ ఎముకల మీద రాస్తుంటే ఇదే లెక్క నాలుగు మాత్రలతో.

బాణీ పొడుగు స్వరం మీద నిలిచే చోట నోరు తెరుచుకునే అచ్చులు పెట్టండి: ఆ, ఓ, ఏ. అక్కడ 'మ్' తోనో 'క్కు' తోనో ముగిసే మాట పెడితే స్వరం గొంతులోనే ఉరేసుకుంటుంది.

విషయం మీ ఇష్టం. ఒకటి మాత్రం చెప్తాను. పాత బాణీ మీద రాస్తున్నాం కదా అని ఓడలూ, యుద్ధాలూ, గొర్రెల కాపరులూ తెచ్చిపెట్టుకోకండి. బాణీ పాతదైతే చాలు, మీ బాధ మీదే ఉండనివ్వండి. మిస్డ్ కాల్ గురించి రాసిన పాట కూడా 200 ఏళ్ల జిగ్ మీద చక్కగా కూర్చుంటుంది.

4. శ్రుతి, రాగం: గొంతుకీ వేళ్లకీ రాజీ

ఫిడేలు ఒకటో పొజిషన్‌లోనే, అంటే ఎడమ చెయ్యి మెడ చివర నుంచి జరపకుండానే, రెండు స్థాయిలు దాటి పలుకుతుంది. మామూలు గొంతుకి హాయిగా ఉండేది ఒకటిన్నర స్థాయి. ఈ బాణీలు ఎక్కువగా డి, జి, ఎ శ్రుతుల్లో ఉంటాయి, ఎందుకంటే జి, డి, ఎ, ఇ అనే ఖాళీ తీగలు అప్పుడే బాగా మోగుతాయి. మీ గొంతు ఆ శ్రుతుల్లో కుదరకపోవచ్చు. నా మొదటి పాట చరణం కింద గొణుగుడు, పల్లవి పైన కేక. తప్పు నాదే, వేళ్లకి సుఖంగా ఉన్న శ్రుతిలో రాసి గొంతుని దాని వెంట ఈడ్చుకెళ్లాను.

కొన్ని దారులున్నాయి. పై తీగల మీది బాణీని అదే వేళ్లతో ఒక తీగ కిందికి దించితే శ్రుతి ఐదు స్వరాలు తగ్గుతుంది, డి లోది జి లోకి వస్తుంది. లేదంటే పాటని ఒక శ్రుతిలో, బాణీని ఇంకో శ్రుతిలో ఉంచి, కలిసే చోట మారండి. జి లో పాడి, బాణీ డి లో అందుకుంటే తలుపు తెరుచుకున్నట్టు ఉంటుంది. మూడో దారి తీగల శ్రుతే మార్చడం. అపలాచియన్ ఫిడేలు వాళ్లు ఎ, ఇ, ఎ, ఇ అని గానీ, జి, డి, జి, డి అని గానీ కడతారు. కాస్త ఆగి చూడండి, ఇది స, ప, స, ప. కర్ణాటక వయొలిన్ కట్టే పద్ధతే! కమాను రెండు తీగల మీద ఆనించి లాగితే తంబూరాలా మోగుతుంది, దాని మీద పాడుకోవచ్చు. గొంతు కిందుగా ఉంటే జి, డి, జి, డి వైపు వెళ్లండి. పైగా అందులో పై రెండు తీగల్ని వదులు చేస్తాం కాబట్టి తెగుతాయన్న భయం లేదు.

రాగం సంగతి. ఈ బాణీల్లో అచ్చమైన మేజర్ ఒక్కటే కాదు, వాళ్లు మోడ్‌లు అనేవి వాడతారు. స్వరాల లెక్కన చూస్తే అయోనియన్ (అంటే మేజర్) మన శంకరాభరణం, మిక్సోలిడియన్ హరికాంభోజి, డోరియన్ ఖరహరప్రియ, ఎయోలియన్ నటభైరవి. గమకాలూ ప్రయోగాలూ పూర్తిగా వేరు, స్వరాలే కలుస్తాయి. మీ పాట కూడా అదే మోడ్‌లో ఉండాలి. హరికాంభోజి బాణీ పక్కన శంకరాభరణం పల్లవి పెడితే నిషాదం దగ్గర పళ్లు జివ్వుమంటాయి. గిటార్ వాయించే స్నేహితులకి ముందే చెప్పండి: డి మిక్సోలిడియన్‌లో డి, సి కార్డ్‌లు, ఇ డోరియన్‌లో ఇ మైనర్, డి కార్డ్‌లు, చాలావరకు ఇవే చాలు. అలవాటు కొద్దీ ఎ7 దూర్చారంటే బాణీ రంగే మారిపోతుంది.

5. మీ సొంత బాణీ కూడా కట్టండి

పాత బాణీ మీదే మాటలు రాయడం ఒక పద్ధతి. అక్కడే ఆగిపోతే మీది అని చెప్పుకునేది సగమే. రెండో మెట్టులో దొరికిన ఎముకల్ని తీసుకుని చరణానికి అలాగే ఉంచి, పల్లవికి తిరగేయండి. స, ప, గ, రి కాస్తా రి, గ, ప, స అవుతుంది. లేదా బాణీలోని ఆ ప్రత్యేకమైన మలుపు ఒక్కటి పట్టుకుని, నడక మార్చి, జిగ్‌లోదాన్ని వాల్ట్జ్‌లో వాడండి. ఇలా చేస్తే పల్లవి పూర్తిగా మీది, దాని రక్తం మాత్రం బాణీది. ఈ సంప్రదాయాన్ని మోసినవాళ్లు పాతవి కాపాడి ఊరుకోలేదు, సొంతవి కలుపుతూ పోయారు. స్కాట్లండ్‌లో నీల్ గౌ (1727–1807) అలాగే కట్టాడు, జేమ్స్ స్కాట్ స్కిన్నర్ (1843–1927) వందల్లో కట్టాడు.

6. ఎక్కడ వాయించాలి, ఎంత వాయించాలి

బాణీ మొత్తాన్ని మొదట్లోనే వాయించేయకండి. ఈ పొరపాటు అందరం చేస్తాం, చేతిలో ఉన్న మంచి ముక్క ముందే చూపించాలని ఆత్రం. మొదట ఎముకలు మాత్రం, నెమ్మదిగా, నాలుగు బార్లు. ఒకటో చరణం. తర్వాత బాణీ మొదటి భాగం ఒక్కసారి. రెండో చరణం, పల్లవి. పై స్థాయికి ఎక్కే రెండో భాగాన్ని మాత్రం ఆఖరి పల్లవి అయ్యేదాకా దాచుకోండి. అప్పటిదాకా కిందే తిరిగిన చెవికి ఆ ఎక్కుడు ఒక్కసారిగా తగులుతుంది. అప్పుడు బాణీ మొత్తం రెండుసార్లు, పూర్తి వేగంతో.

వేగం మారే చోటు ప్రమాదకరం. పాట తాపీగా, బాణీ జోరుగా ఉంటే రెండే మార్గాలు: పాట ఆఖరి స్వరం పూర్తిగా ఆరిపోయాక ఒక ఊపిరి తీసుకుని మొదలెట్టడం, లేదా కాలి దెబ్బ మార్చకుండా దాని మీద స్వరాల్ని రెట్టింపు చేయడం. మెల్లమెల్లగా వేగం పెంచుకుంటూ పోవడం రిహార్సల్‌లో బాగుంటుంది, వేదిక మీద ఒక్కొక్కళ్లు ఒక్కో వేగంలో తేలతారు.

7. పాడుతూ వాయించడం

ఇది కష్టం, ఊరికే ధైర్యం చెప్పను. గడ్డం కింద ఫిడేలు నొక్కిపెడితే దవడ కదలదు, దవడ కదలకపోతే మాట ముద్దవుతుంది. అపలాచియన్ పాత ఫిడేలు వాళ్లు చాలామంది దాన్ని ఛాతీకి ఆనించి పట్టుకునేవాళ్లు. పాడుతున్నంతసేపు మీరూ ఫిడేలుని కంఠపుటెముక కిందికి జార్చి, బాణీ వచ్చినప్పుడు పైకి తెచ్చుకోండి. కిందికి జార్చినప్పుడు ఎడమ చెయ్యి పొజిషన్ మార్చడం కుదరదు, కాబట్టి ఆ ముక్క ఒకటో పొజిషన్‌లోనే కట్టండి.

పాడుతూ ఏం వాయించాలి? పాడే వరసనే వాయించడం మాత్రం వద్దు, కనీసం అస్తమానం వద్దు. గొంతు ఏ కొంచెం పక్కకి పోయినా ఫిడేలు దాన్ని అందరికీ చాటిచెప్తుంది. ముందు డ్రోన్‌తో మొదలెట్టండి: రెండు ఖాళీ తీగలు, బార్‌కి ఒక పొడుగు కమాను. మాటలు తడబడకుండా వచ్చాక షఫుల్ పెట్టండి, అంటే ఒక పొడుగు, రెండు పొట్టి. నాలుగు దెబ్బల పాటలకి అది గిటార్ లేని లోటు తీరుస్తుంది. తర్వాత చాప్ ఉంది: కమాను పిడి దగ్గరి వెంట్రుకల్ని తీగ మీద టక్కున దించితే డప్పు లాంటి చప్పుడు వస్తుంది. 1960లలో బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతంలో ఒక శైలి) ఫిడేలు కళాకారుడు రిచర్డ్ గ్రీన్ దీన్ని మొదలుపెట్టాడు. చాప్ తేలిగ్గా కనిపిస్తుంది గానీ, దాని మీద మాట తప్పకుండా పాడటానికి నాకు నెలలు పట్టింది.

సాధన ఇలా చేయండి. మొదట ఫిడేలు లేకుండా, కుడి చెయ్యి గాలిలో కమాను లాగుతూ పాడండి. తర్వాత కమాను ఖాళీ తీగల మీద ఆడిస్తూ మాటల్ని మామూలుగా చదవండి, పాడొద్దు. ఆ తర్వాతే పాడండి. ఎక్కడ తప్పుతున్నారో చూస్తే, చాలాసార్లు మాట మొదటి అక్షరం, కమాను దిశ మారడం ఒకేసారి వచ్చే చోటే. ఆ ఒక్క బార్‌లో కమాను దిశ తిరగేయండి, సగం కష్టం పోతుంది.

అలంకారాలు తగ్గించుకోండి. ఐరిష్ రోల్స్, కట్స్ బాణీలో ఎంతైనా వాయించుకోండి, చరణం కింద మాత్రం వద్దు. మాట వినిపించేటప్పుడు ఫిడేలు వేళ్లు ఎంత బద్ధకంగా ఉంటే అంత మంచిది.

8. రికార్డు చేసి, పక్కన పెట్టి, పేర్లు రాసుకోండి

ఫోన్‌లో ఒక్క టేక్ రికార్డు చేసి, వారం దాకా వినకండి. వారం తర్వాత విన్నప్పుడు బాణీ మొదలయ్యే క్షణంలో "హమ్మయ్య వచ్చింది" అనిపిస్తే సరే. "మళ్లీ ఇదా" అనిపిస్తే వాయించిన నిడివి సగానికి కోయండి. బాణీ తెలియని ఒకరికి వినిపించి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఎన్ని పాటలు విన్నావు?

బయటికి వదిలేముందు హక్కుల సంగతి. సంప్రదాయ బాణీ ఎవరి సొత్తూ కాదు. కానీ ఒక కళాకారుడు రికార్డు చేసిన ప్రత్యేకమైన కూర్పుకీ, ఆ రికార్డింగ్‌కీ హక్కులుంటాయి. బాణీని తీసుకోండి, వాళ్లు చేసిన మార్పుల్ని అచ్చంగా దించకండి. కట్టినవాళ్ల పేరు తెలిసిన బాణీ అయితే వాళ్లు ఏ సంవత్సరం చనిపోయారో చూడండి. భారత్‌లో రచయిత మరణానంతరం 60 ఏళ్లు, బ్రిటన్, ఐర్లండ్‌లలో 70 ఏళ్లు హక్కు ఉంటుంది. హక్కు ఇంకా ఉంటే అనుమతి అడగాలి. పాట వివరాల్లో మాటలు, పల్లవి వరస మీ పేరుతో వేసుకోండి. బాణీకి 'సంప్రదాయం, కూర్పు ఫలానా' అని వేయండి, ఇంగ్లీషులో దీన్నే ట్రాడ్ అరేంజ్డ్ అంటారు. మొత్తం మీ పేరున వేసుకుంటే చట్టం ఊరుకున్నా, ఆ బాణీ తెలిసినవాళ్లు ఊరుకోరు.

నా నోట్‌బుక్‌లో ప్రతి పాటకీ ఒక పేజీ ఉంటుంది. పైన బాణీ పేరు, దానికున్న మారు పేర్లు, ఎవరు వాయించగా నేర్చుకున్నానో, ఏ తేదీన. కింద ఎముకల స్వరాలు. మొదటి పాట పేజీలో మాత్రం పైభాగం ఖాళీగా ఉంది. ఆ రీల్ ఎవరి దగ్గర నేర్చుకున్నానో రాసుకోలేదు, ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.